గోవింద డ్రైవూ, నా కడుపుమంటా

నేను పనిచేసిన చోటికి నాకంటే పని బాగా తెలిసిన మనిషి ఒకరు వచ్చారు. నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి అదొక్కటే. మిగతాదంతా జీతం, సెలవులు, పండగ అడ్వాన్సు. ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు పని నేర్పడానికి చాలామంది ఉన్నారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషిని చూసి కడుపు మండితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పరు. ఆ విద్యలో నాకు మంచి అనుభవం ఉంది. అందుకని ఇది రాస్తున్నాను.

తిరుపతిలో ఒక పెద్ద ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేసి కిందటేడు రిటైరయ్యాను. రోగులకు తీసే ఎక్స్‌రేలు, స్కానింగు బొమ్మలు అన్నీ ఒకచోట దాచి, ఏ డాక్టరు ఏ గదిలో అడిగితే ఆ గదిలో చూపించే ప్రోగ్రాం ఒకటి ఉండేది. దాన్ని రాసింది నేను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా వెన్ను కాస్త నిటారవుతోంది.

ఆ బొమ్మలు దాచే పెద్ద కంప్యూటరును, అంటే సర్వరును, కొత్తగా పెట్టిన రోజున దాని డిస్కుకు ఒక అక్షరం ఇవ్వాల్సి వచ్చింది. విండోస్‌లో అది పద్ధతి. ప్రతి డిస్కుకూ ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఏ ఫైలు చిరునామా అయినా ఆ అక్షరంతోనే మొదలవుతుంది. ముందున్న అక్షరాలన్నీ అప్పటికే వేరేవాటికి పోయాయి. మిగిలింది జి. మా విభాగం పెద్దాయనది తాతల కాలం నుంచీ గుడి సేవలో ఉన్న కుటుంబం. నుదుట సన్నటి నామం లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. ఆ అక్షరం వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"జి అంటే గోవిందుడే కదప్పా! మనం పిలవకుండానే ఆయనే వచ్చినాడు. ఇంక దీన్ని మార్చేది లేదు" అన్నారు.

సర్వరుకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాం. ఆ రోజు నుంచి ఆస్పత్రి మొత్తం మీద దానికి అదే పేరు. ఎక్స్‌రే గదిలో నర్సులు "గోవిందలో వేసినారా లేదా?" అని కేకలు పెట్టుకొనేవాళ్ళు. వేరే ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్లు, ఎక్స్‌రే గోవిందలో ఉందని చెబితే పోయిందేమోనని కంగారుపడేవాళ్ళు.

కొన్నేళ్ళకు ఆ డిస్కు నిండిపోయింది. రెండో డిస్కు తెప్పించాను. న్యాయంగా దానికి తర్వాతి అక్షరం ఇవ్వాలి. పెద్దాయన ఒప్పుకోలేదు.

"గోవిందుణ్ణి వదిలిపెట్టి యాడికి పోతామప్పా? ఆయన లోపల్నే పెట్టు" అన్నారు.

విండోస్‌లో దానికీ ఒక ఉపాయం ఉంది. రెండో డిస్కును మొదటి డిస్కు లోపల ఒక ఫోల్డరులాగా తగిలించవచ్చు. బయటినుంచి చూస్తే అది మామూలు ఫోల్డరే. తెరిస్తే మాత్రం మనం వేరే డిస్కులోకి అడుగుపెట్టినట్టు. పాత బొమ్మలన్నింటినీ అందులోకి జరిపాను. పెద్దాయన మాట దక్కింది, నా పనీ అయింది. అంత తెలివైన ఏర్పాటు చేసినందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు, ఎందుకంటే చేసినట్టే ఎవరికీ తెలియదు.

నా ప్రోగ్రాం నిండా ఆ జి అక్షరమే ఉండేది. జి, రెండు చుక్కలు, వెనక్కి వాలిన గీత, ఫోల్డరు పేరు, మళ్ళీ వెనక్కి వాలిన గీత, మళ్ళీ పేరు. ఒక్కో బొమ్మ ఎక్కడుందో పూర్తి దారిని అలా డేటాబేసులో రాసిపెట్టేవాణ్ణి. ఎవరైనా ఒక ఫోల్డరు పేరు మారిస్తే చాలు, దారి తప్పిపోయి బొమ్మ కనబడేది కాదు. అప్పుడు నన్ను పిలిచేవాళ్ళు. "సార్‌ని పిలవండి" అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో మీకు చెప్పలేను. నేను వరండా వెంట తొందర లేకుండా నడిచి వెళ్ళేవాణ్ణి. పెద్ద పెద్ద డాక్టర్లు లేచి నాకు కుర్చీ ఇచ్చేవాళ్ళు. నాలుగు మీటలు నొక్కితే బొమ్మ వచ్చేది. ఆ నాలుగు మీటలు ఏవో నాకొక్కడికే తెలుసు.

ఇలా ఉండగా ఆమె వచ్చింది. ఆమెది సత్యవేడు వైపు పల్లె. చెన్నైలో కంపెనీల్లో కొన్నేళ్ళు పనిచేసి, భర్తకు తిరుపతిలో కాలేజీ ఉద్యోగం రావడంతో మా దగ్గర చేరింది. నాకంటే చాలా చిన్నది. మొదటి రోజు నా ప్రోగ్రాం చూపించాను. సాయంత్రం దాకా శ్రద్ధగా చదివింది.

"ఇంత పెద్దది మీరొక్కరే రాసినారా సార్? శానా ఓపిక ఉండాది మీకు" అంది.

ఆ రోజు ఆమె నాకు బాగా నచ్చింది. ఆ ఒక్కరోజే నచ్చింది.

వారం తిరక్కముందే పిల్లల వార్డు డాక్టరు కంప్యూటరులో ఏదో తేడా వస్తే, నేను అక్కడే ఉండగా ఆమెను పిలిచారు. ఆమె వెళ్ళి బాగుచెయ్యడమే కాదు, మళ్ళీ అది రాకుండా చేసి వచ్చింది. ఇది నాకు కొత్త. నేను ఎప్పుడూ బాగుచేసేవాణ్ణి, మళ్ళీ పాడయ్యేది, మళ్ళీ పిలిచేవాళ్ళు. ఆమె ఒకసారి వెళ్ళిన గదికి రెండోసారి వెళ్ళే అవసరం ఉండేది కాదు. అయినా అందరికీ ఆమే కావాలి. పెద్దాయన గదిలో నేను ఇన్నేళ్ళూ నిలబడే మాట్లాడాను. ఆమె వెళ్తే "కూర్చోమ్మా" అని కాఫీ తెప్పించారు. ఆ కాఫీ గ్లాసు బయటికి రావడం నేను కళ్ళారా చూశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

"ఏమైంది, మొగం అట్లా పెట్టుకోనుండారు?" అంది మా ఆవిడ.

"ఏంలేదు" అన్నాను. కాఫీ సంగతి చెబితే నవ్వుతుందని తెలుసు.

అసూయకు పొద్దున్నే లేచే అలవాటు ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆమెకంటే ముందు ఆఫీసులో ఉండాలని ముందు బస్సుకు వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళేసరికి ఆమె అప్పటికే వచ్చి టిఫిన్ డబ్బా తెరుచుకొని ఉండేది. "రాండి సార్, తినండి" అని ఇడ్లీ నా వైపు జరిపేది. ఇడ్లీ కూడా బాగుండేది. అదొక బాధ.

అప్పుడే రెండు సంగతులు కలిసి వచ్చాయి. సర్వరు ముసలిదైపోయింది. కొత్తగా కొన్న స్కానింగు యంత్రం వాళ్ళు, మా బొమ్మలన్నీ లినక్సు మీద నడిచే సర్వరుకు మారితేనే తమది కలుస్తుందన్నారు. ఇంకోవైపు పెద్దాయన రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఈ మార్పును ఎవరు సరిగ్గా చేస్తే ఆయన కుర్చీ వాళ్ళదని ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా లిఫ్టు నడిపే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు.

విండోస్ దారి లినక్సులో పనికిరాదు. అక్కడ డిస్కులకు అక్షరాలు ఉండవు. గీత వెనక్కి కాదు, ముందుకు వాలుతుంది. పెద్ద అక్షరాలతో రాసిన పేరూ, చిన్న అక్షరాలతో రాసిన పేరూ రెండూ వేరు వేరు. ఇందులో ఏముంది అనుకున్నాను. ప్రోగ్రాంలో జి ఉన్న చోటల్లా కొత్త దారి పెట్టి, వెనక్కి వాలిన గీతలన్నీ ముందుకు వాల్చేస్తే సరి. పెద్దాయన గదిలో అదే చెప్పాను. పెద్దాయన ఆమె వైపు తిరిగారు.

"ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నారాయన.

"సార్ చెప్పినట్టు చేస్తే ఇప్పటికి నడస్తాది సార్. రేపు ఇంకొకదానికి మారితే మళ్ళీ గీతలు తిప్పాల. అసలు దారే రాయకుండా పోతే?" అంది.

"దారి రాయకుండా బొమ్మ ఎట్లా దొరకతాదమ్మా?" అన్నాను. గొంతులో ఎగతాళి దాచుకోలేదు.

"ఏ రోగి, ఏ సంవత్సరం, ఏ బొమ్మ, ఇంతే రాసిపెడదాం సార్. దారిని, ప్రోగ్రాం నడిచే యంత్రాన్నే కట్టుకోమందాం. గీత ఎటు వాలాలో దానికి తెలుసు. బొమ్మలుండే చోటు మాత్రం ఒక్క లైనులో చెప్తే చాలు."

పెద్దాయన ఇద్దరినీ చేసి చూపించమన్నారు. నాది చేశాను. ఈ మధ్యవి కొన్ని బొమ్మలు తీసుకొని అందరి ముందూ నడిపితే సగం కనబడ్డాయి, సగం కనబడలేదు. కారణం మా ఆపరేటర్లు. ఒకాయన టైపు ఇన్‌స్టిట్యూట్ రోజుల నుంచీ ఫోల్డరు పేర్లన్నీ పెద్ద అక్షరాలతో కొట్టేవాడు, ఇంకొకామె అన్నీ చిన్నవే కొట్టేది. ఇన్నేళ్ళూ విండోస్ ఇద్దరితోనూ సర్దుకుపోయింది. లినక్సు సర్దుకోలేదు. ఆమె మాత్రం పేర్లన్నీ ముందే ఒక తీరుకు తెచ్చింది. ఆమె ప్రోగ్రాం లినక్సులో నడిచింది. అదే ప్రోగ్రాం ఒక్క అక్షరం మార్చకుండా విండోస్‌లోనూ నడిచింది.

అది చాలా చిన్నది. నాకు పేజీలు పట్టిన పని ఆమెకు అరచేతిలో పట్టింది. ముక్కలిస్తే ఆ యంత్రం పద్ధతిలో దారి కలిపిపెట్టే ఏర్పాటు మేం రాసే కంప్యూటర్ భాషలోనే ఉంది. ఆమె దాన్ని వాడింది, అంతే. అది అక్కడ ఉందని నాకూ తెలుసు. వాడాలని తోచలేదు. తెలియని పని ఎవరైనా చేస్తే ఆశ్చర్యం వేస్తుంది. తెలిసిన పనిని మనకంటే ముందు ఇంకొకరు చేస్తే ఏం వేస్తుందో నన్నడగండి.

ఆ పోటీ జరిగిన కొద్దిరోజులకే నేను స్నానాల గదిలో జారిపడ్డాను. కుడి మణికట్టు వాచిపోయింది. పనిచేసేది పెద్ద ఆస్పత్రిలో. ఎముకల డాక్టరు రోజూ పలకరించే మనిషి. అయినా మా ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆ పిండికట్టు వేసుకొని మూల కూర్చుంటారా? పుత్తూరు పోదాం రాండి. మా నాయనకు ఆడే కదా కట్టింది" అంది.

ఎముకలకు నాటు కట్టు కట్టే పుత్తూరు వెళ్ళి పచ్చిమందు పట్టు వేయించి, వెదురు బద్దలతో కట్టు కట్టించుకున్నాను. ఎముకల డాక్టరు కంట్లో పడకూడదని సెలవు పెట్టేశాను. ఇంట్లో కూర్చుని కట్టు చూసుకుంటుంటే పెద్దాయన నుంచి ఫోను వచ్చింది. ఎండలకు సర్వరు ఉన్నట్టుండి ఆగిపోయిందట. మళ్ళీ లేవలేదట. డిస్కు మాత్రం బాగుంది కాబట్టి, దాన్ని తీసి ఆమె కొత్త లినక్సు యంత్రంలోకి బొమ్మలన్నీ మారుస్తోందట.

"నేను వస్తా సార్" అన్నాను.

"వద్దప్పా, నువ్వు చెయ్యి చూసుకో. ఆ యమ్మ చూసుకుంటాది" అన్నారు.

మణికట్టు కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పుట్టించింది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు పొద్దున కట్టు మీద తువ్వాలు కప్పుకొని ఆస్పత్రికి వెళ్ళాను. సాయం చెయ్యడానికని మా ఆవిడతో అన్నాను. ఆ సత్యవేడు అమ్మాయి ఎక్కడైనా తడబడుతుందేమో చూద్దామని అసలు ఉద్దేశం.

వెళ్ళేసరికి మా వాళ్ళంతా ఎముకల డాక్టరు గదిలో ఉన్నారు. చక్రాల కుర్చీలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చాలా ఏళ్ళ కిందట మా ఆస్పత్రిలోనే ఆమె తుంటికి ప్లేటు వేశారు. ఇప్పుడు నొప్పి అని వస్తే కొత్త ఎక్స్‌రే తీశారు. అందులో ప్లేటు పక్కన ఎముక మీద సన్నటి గీత కనబడుతోంది. ఆ గీత ప్లేటు వేసినప్పటిదా, కొత్తగా చిట్లిందా అనేది తేలాలి. పాత బొమ్మ కోసం అడిగితే తెర మీద ఫైలు లేదని వస్తోంది.

"నీ దగ్గిర పాత ఫిల్ము ఉండాల కదవ్వా? యాడ పెట్టినావు?" అంటున్నారు డాక్టరు.

"గ్రహణం నాడు సూర్యుణ్ణి సూసేదానికని మా మనవడు ఎత్తుకపోయినాడు సామీ. మళ్ళ తెచ్చియ్యలా" అంది ముసలమ్మ.

డాక్టరు ఆమె వైపు, అంటే మా సత్యవేడు అమ్మాయి వైపు, తిరిగారు.

"ఆ గీత పాతదైతే ఈ అవ్వను నేను ముట్టుకోను. కొత్తదైతే ఈ పొద్దే కొయ్యాల. ఈ వయసులో ఊరికే కోస్తే తట్టుకునే మనిషి కాదు. నేనేం చెయ్యాల చెప్పమ్మా? మొన్నటిదాకా గోవిందలో ఉండింది కదా ఇది!"

ఆమె ముఖం పాలిపోయింది. వేళ్ళు మీటల మీద ఉన్నాయి కానీ కదలడం లేదు. "డిస్కు మొత్తం కాపీ చేసినాను డాక్టర్. ఏదీ వదల్లేదు" అంది.

నాకు సంతోషం వేసింది. ఎంత సంతోషమో చెబితే నన్ను మనిషి కింద లెక్కకట్టరు. కాఫీ గ్లాసు, ఇడ్లీలు, అరచేతిలో పట్టిన ప్రోగ్రాం, అన్నింటికీ ఆ ఒక్క నిమిషంలో జవాబు దొరికినట్టనిపించింది. తర్వాత తెర మీద సంవత్సరం చూశాను. చూడగానే తెలిసిపోయింది. ఆ ఏటి బొమ్మలు మొదటి డిస్కులో లేవు. నేను లోపల తగిలించిన రెండో డిస్కులో ఉన్నాయి. ఆమె పాత సర్వరులోంచి తీసింది ఒక్క డిస్కే. అందులో రెండోదాని పేరుతో ఫోల్డరు ఉంటుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. ఆమెకే కాదు, ఎవరికీ తెలిసే దారి లేదు.

వెంటనే చెప్పాను. ముసలమ్మ మీద జాలితో చెప్పానంటే మీరు మెచ్చుకుంటారు. కొంచెం జాలి ఉంది, కాదనను. కానీ అంతమంది పెద్దవాళ్ళ ముందు నాకొక్కడికే తెలిసిన మాట చెప్పే అవకాశం మళ్ళీ వస్తుందో రాదోనన్న ఆత్రమే ఎక్కువ.

"అమ్మా, గోవింద ఒకటి కాదు. లోపల ఇంకొక డిస్కు ఉండాది. పాత డబ్బాలోనే ఉండాది సూడు" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ప్రాణం లేచి వచ్చినట్టు చూసింది. ఇద్దరం పాత సామాన్ల గదికి పరిగెత్తాం. విరిగిన కుర్చీల మధ్య సర్వరు పక్కకు పడుకోబెట్టి ఉంది. కట్టున్న చేతితో నేను స్క్రూ కూడా తిప్పలేను. ఆమే మోకాళ్ళ మీద కూర్చుని విప్పింది. లోపల, పంకా వెనకాల, నేను బిగించిన డిస్కు దుమ్ములో అలాగే ఉంది.

"ఈడ ఇంకొకటి ఎందుకు పెట్టినారు సార్?" అంది.

"పెద్దసారు గోవిందుణ్ణి వదలొద్దన్నారమ్మా" అన్నాను.

ఆ కంగారులో కూడా ఆమెకు నవ్వొచ్చింది.

డిస్కును తెచ్చి కొత్త యంత్రానికి తగిలించాం. నేను పక్కన నిలబడి ఏ ఏళ్ళవి ఏ ఫోల్డర్లలో ఉన్నాయో చెబుతుంటే ఆమె కొట్టింది. నా ప్రోగ్రామే అయితే ఆ డిస్కులోని ప్రతి బొమ్మ దారినీ తిరగరాయాల్సి వచ్చేది. ఆమె దాంట్లో, ఇక్కడ దొరక్కపోతే అక్కడ చూడు అని ఒక్క మాట చేర్చింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను, ఆమె చేతులు పని ముగించి ఊరుకున్నాయి. నా చెయ్యి బాగున్నా అంత తొందరగా అయ్యేది కాదు. ఆ వేళ్ళను చూస్తూ, బొమ్మ దొరికినందుకు కూడా పూర్తిగా సంతోషపడలేకపోయాను.

డాక్టరు గదిలో తెర మీద పాత ఎక్స్‌రే వచ్చింది. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. గీత అప్పటిదే. అదే చోట, అదే పొడవు.

"అవ్వా, నీకు కోత లేదు. మాత్రలు రాసిస్తా, ఇంటికి పో" అన్నారు.

"నొప్పి పాతదేనని నేను పొద్దున్నించీ చెప్తానే ఉండా కదా సామీ! నా మాట ఎవురు ఇన్నారు?" అంది ముసలమ్మ.

అందరూ నవ్వారు. ఇప్పుడు నా వంతు వస్తుందని గొంతు సర్దుకున్నాను. డాక్టరు నిజంగానే నా వైపు తిరిగారు. ఈ పరుగుల్లో తువ్వాలు ఎక్కడో జారిపోయిందని నేను గమనించలేదు.

"ఏందబ్బా ఆ చెయ్యి? అది పుత్తూరు కట్టు కదా?" అన్నారు.

గదంతా మళ్ళీ నవ్వింది. నేను ముసలమ్మను కోత నుంచి తప్పించిన సంగతి ఆ ఆస్పత్రిలో ఎవరికీ గుర్తు లేదు. ఎముకల డాక్టరు కింద అంతస్తులో ఉండగా పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చిన సంగతి మాత్రం నేను రిటైరయ్యేదాకా చెప్పుకున్నారు. "ఈ పొద్దు సార్ రాకపోయింటే ఇది దొరికేది కాదు డాక్టర్" అని పైకి గట్టిగా అన్నది ఆమె ఒక్కతే. ఆ మాట ఇంకెవరు అన్నా పొంగిపోయేవాణ్ణి.

తర్వాతి వారం పెద్దాయన నన్ను తన గదికి పిలిచారు. ఈసారి కూర్చోమన్నారు. కాఫీ కూడా వచ్చింది.

"నా తర్వాత ఎవరని పైవాళ్ళు అడగతా ఉండారు. ఏళ్ళ ప్రకారం నువ్వు. పని ప్రకారం ఆ యమ్మ. నువ్వే చెప్పప్పా, ఎవర్ని చెప్పేది?"

నేను కాఫీ తాగుతూ ఆయన బల్ల వైపు చూశాను. ఆ బల్ల మీద నేనెప్పుడూ కంప్యూటరు తెరిచి ఉండగా చూడలేదు. సెలవు చీటీలు ఉండేవి, ఏసీ బాగుచేసేవాళ్ళ ఉత్తరాలు ఉండేవి, మీటింగు పిలుపులు ఉండేవి. ఆయన కూడా ఒకప్పుడు ప్రోగ్రాంలు రాసిన మనిషేనట. ఆ కుర్చీలో కూర్చున్నాక ఒక్క లైను రాయలేదు. నాకు అప్పుడు వచ్చిన ఆలోచన ఎంత చక్కటిదో! ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెడితే ఆ చేతులు ఇంక మీటల మీద ఆడవు. ప్రోగ్రాం నా దగ్గరికి వస్తుంది. డాక్టర్లు మళ్ళీ నన్నే పిలుస్తారు. ఆ వరండా మళ్ళీ నాదవుతుంది.

"ఆ యమ్మనే పెట్టండి సార్. పని తెలిసిన మనిషి" అన్నాను.

పెద్దాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి "నీది ఎంత పెద్ద మనసప్పా!" అన్నారు. నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు.

ఆమె కుర్చీ ఎక్కింది. మొదట్లో సందు దొరికితే మా గదికి వచ్చి, నిలబడే నాలుగు లైన్లు చదివి వెళ్ళేది. తర్వాత అదీ తగ్గింది. ఆమె రాసినదంతా నా చేతికి వచ్చింది. రోజూ పొద్దున దాన్ని తెరిచి, చెడిపోయే చోటు ఎక్కడైనా ఉందేమోనని వెతికేవాణ్ణి. డాక్టర్లు పిలుస్తారని చూశాను. పిలవలేదు. పిలవడానికి అది ఆగితే కదా! పుత్తూరులో మా ఆస్పత్రి కొత్త శాఖ తెరిచారు. అక్కడివన్నీ విండోస్ యంత్రాలు. ఇక నాకు పని పడిందని సంబరపడ్డాను. బొమ్మలుండే చోటు చెప్పే ఆ ఒక్క లైను మార్చాను, నడిచింది. మరికొన్నేళ్ళకు బొమ్మలన్నీ ఎక్కడో దూరాన అద్దెకిచ్చే యంత్రాల్లోకి వెళ్ళాయి. మళ్ళీ ఆ ఒక్క లైనే మార్చాను. ఆ లైను మార్చడానికి పట్టే సమయంలో కాఫీ కూడా చల్లారదు. మిగతా రోజంతా ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగుతూ కూర్చునేవాణ్ణి. ఆమె మీటింగులకు వెళ్తూ మా గది అద్దం ముందు నుంచి నడిచి పోయేది. ఆ కుర్చీ తీసుకున్నా బాగుండేదేమోనని అనిపించేది. అద్దంలోంచి చూస్తే ఆమె ఎప్పుడూ ఎవరితోనో ముఖ్యమైన మాటల్లో ఉన్నట్టే కనబడేది. నా కడుపుమంట గది మారింది కానీ ఆరలేదు.

కిందటేడు నా ఆఖరి రోజున మధ్యాహ్నం ఆస్పత్రి క్యాంటీన్లో భోజనం పెట్టారు. మా ఆవిడను ఆడవాళ్ళు వేరే బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. మా సత్యవేడు అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికి ఆమె జుట్టు కూడా నెరిసింది. కాసేపు సాంబారు గురించి మాట్లాడుకున్నాం.

"సార్, ఒక మాట చెప్తా, ఏమీ అనుకోవద్దండి. అప్పుడు పెద్దసారు దగ్గిర నా పేరు ఎందుకు చెప్పినారో నాకు తెలుసు" అంది.

నా చేతిలో ముద్ద విస్తరిలోకి జారింది.

"మొదట తెలీలా. మీరు శానా మంచివారని ఇంట్లో అందరికీ చెప్పినాను. కొన్నాళ్ళు సెలవు చీటీల మీద సంతకాలు పెట్టినాక తెలిసిపోయినాది" అంది, నవ్వుతూ.

ఆ ముద్దను మళ్ళీ కలపడం మొదలుపెట్టాను. చివరికి "కోపం రాలేదామ్మా నా మీద?" అన్నాను.

"కోపం ఎందుకు వస్తాది సార్, కుర్చీ ఇప్పించినారు కదా! కడుపు మండేది. పొద్దున్నే మీటింగుకు పోతా మీ అద్దంలోంచి చూసేదాన్ని. నేను రాసింది తెరుచుకొని మీరు ఆడ కూర్చోనుంటారు. ఆయప్పకు ఎంత అదృష్టం, రోజంతా దాంతోనే ఉండాడు, నేను ఏసీలోళ్ళతో మాట్లాడేదానికి పోతా ఉండానే అని... ఎన్నేండ్లు మండిందో సార్ నా కడుపు! ఆ పక్క పోకుండా చుట్టూ తిరిగి పోయిన రోజులు కూడా ఉండాయి."

తర్వాత సభ జరిగింది. శాలువా కప్పారు. ఎవరెవరో లేచి నా గురించి మంచి మాటలు చెప్పారు. ఆమె కూడా చెప్పింది. అవేవీ నా తలకెక్కలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే మా ఆవిడ నా ముఖంలోకి చూసి చూసి అడిగింది.

"ఏంది, ఉద్యోగం అయిపోయి ఇంటికి పోతా ఉండే మనిషి ఇంత సంతోషంగా ఉండారు? ఏమిచ్చినారేంది?"

"నన్ను చూసి కూడా ఒకరికి కడుపు మండిందంటనే" అన్నాను.